మతిమరుపుకు మందు కంచంలో ఉందా?

"అమ్మ ఈమధ్య మనుషుల్ని పోల్చుకోలేకపోతోంది బావా. వంట అయిపోయిన సంగతి మరిచిపోయి మళ్ళీ పొయ్యి వెలిగిస్తోంది. ఒకసారి వచ్చి చూసి వెళ్ళు" అని మా మేనత్త కొడుకు ఫోను చేశాడు. వాళ్ళది ఉద్దానంలో, సోంపేట దగ్గర ఒక పల్లె. నాది డాక్టరు వృత్తే అయినా, మనవాళ్ళింటికి రోగిని చూడడానికి వెళ్ళాలంటే కాళ్ళు బరువెక్కుతాయి.

మాఘమాసం. రథసప్తమి వెళ్ళి నాలుగు రోజులయింది. విజయనగరంలో చిన్న పని ఉండడంతో అక్కడ రైలు దిగి, శ్రీకాకుళం, కళింగపట్నం, పలాస మీదుగా బస్సుల్లో బయలుదేరాను. దారి పొడుగునా ఒకటే ప్రశ్న వేధించింది. ఇటువంటి జబ్బు రాకుండా తిండితో ఆపగలమా? పాఠకుల ఉత్తరాల్లో తరచు వచ్చే ప్రశ్న కూడా ఇదే. ఏ ఊళ్ళో ఏం చూశానో, దాని గురించి వైద్యశాస్త్రం ఏం చెబుతుందో కలిపి రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి

పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం అందరికీ ఉన్నదే. పాలు ఎలా కాచాలో మరిచిపోతే మాత్రం అనుమానించాలి. బజారుకు వెళ్ళి ఒక సరుకు మరిచి రావడం మతిమరుపు. రోజూ వెళ్ళే బజారు నుంచి ఇంటికి దారి తెలియకపోవడం జబ్బు. దీన్నే డాక్టర్లు డిమెన్షియా అంటారు.

జ్వరం అన్నట్టే డిమెన్షియా కూడా ఒక్క జబ్బు పేరు కాదు. దాని వెనక అనేక కారణాలుంటాయి. వాటిలో పెద్దది ఆల్జీమర్స్ వ్యాధి. జర్మనీ వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్ 1906లో దీన్ని మొదటిసారి వివరించాడు. రెండోది మెదడు రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చేది. చాలామంది వృద్ధులలో ఈ రెండూ కలిసే ఉంటాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మందికి ఈ బాధ ఉంది. మన దేశం మొత్తం మీద జరిపిన ఒక పరిశీలన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 60 ఏళ్ళు దాటిన వాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉన్నట్టు అంచనా వేశారు. మగవాళ్ళలో 5.8 శాతం, ఆడవాళ్ళలో 9 శాతం. పట్నాల్లో 5.3 శాతం, పల్లెల్లో 8.4 శాతం. పల్లె గాలి, పల్లె తిండి ఉంటే చాలు, ఏ జబ్బూ దరికి రాదనుకునే వాళ్ళు ఈ అంకెలను ఒకటికి రెండుసార్లు చదవాలి.

మంచి వార్త కూడా ఉంది. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో 14 కారణాలు ఎత్తి చూపింది. వాటన్నిటినీ అదుపు చేయగలిగితే ప్రపంచంలో సుమారు 45 శాతం డిమెన్షియాను ఆపడమో, వెనక్కు నెట్టడమో వీలవుతుందని చెప్పింది. ఆ 14లో "తిండి" అని విడిగా లేదు. కాని అధిక రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్టరాల్, స్థూలకాయం, మితిమీరిన మద్యం ఉన్నాయి. ఈ అయిదూ ఎక్కువగా కంచం దగ్గరో, గ్లాసు దగ్గరో మొదలయ్యేవే గదా!

విజయనగరం: చోడంబలి

పొద్దున్నే గంటస్తంభం వైపు నడిచాను. రోడ్డు పక్కన ఒకామె స్టీలు బిందెలో చోడంబలి పెట్టుకుని గ్లాసుల లెక్కన అమ్ముతోంది. తక్కిన జిల్లాల వాళ్ళు రాగులు అనేదాన్ని ఇక్కడ చోళ్ళు అంటారు. సజ్జలను గంటెలు అంటారు. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు వేసి ఇచ్చింది.

"మా అత్తోరి కాలంలో పొద్దున లెగిస్తే ఇదే తాగీవోరు బాబూ. ఇప్పుడు సుగరొచ్చినోల్లే తాగతన్నారు" అంది నవ్వుతూ.

ఆ ఒక్క మాటలో నలభై, యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. చోళ్ళు, గంటెలు, సామలు, కొర్రలు ఈ మెట్ట పొలాల పంటలు. వరి అన్నం చాలా ఇళ్ళలో పండగ తిండిగానే ఉండేది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. పేద ఇంట ఆకలి తగ్గింది, అది చిన్న మేలు కాదు. అయితే క్రమంగా మూడు పూటలా తెల్లని పాలిషు బియ్యమే కంచం నిండా చేరింది. విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానం చోళ్ళలో మంచి రకాలు తయారుచేసి, వేగవతి, సువర్ణముఖి అంటూ ఇక్కడి నదుల పేర్లే పెట్టింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇంత జరిగినా చోళ్ళు ఇంకా మందు కిందే చెల్లుతున్నాయి.

మెదడుకూ చోళ్ళకూ సంబంధం ఏమిటి? మన మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. శరీరం బరువులో అది 2 శాతమే అయినా, శరీరం ఖర్చు పెట్టే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. ఆ శక్తిని మోసుకుపోయేవి సన్నని రక్తనాళాలు. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే మొదట దెబ్బతినేవి అవే. పాలిషు బియ్యంలో పీచు దాదాపు ఉండదు. చోళ్ళలో పీచు ఉంది. 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పై పొట్టులో రక్తనాళాలకు మేలు చేసే పదార్థాలున్నాయి.

అయితే ఒక హెచ్చరిక. చోళ్ళు తిన్నవాళ్ళకు డిమెన్షియా రాదని ఎవరూ రుజువు చేయలేదు. మెత్తగా పిండి పట్టించి, బెల్లం వేసి, చిక్కగా జావ కాచి చెంబుడు తాగితే చక్కెర దానితోనూ పెరుగుతుంది. అన్నం మానకుండా చోళ్ళు అదనంగా చేర్చుకున్నా లాభం లేదు. ఒక పూట అన్నం స్థానంలో అంబలో, చోడి రొట్టో తింటేనే ప్రయోజనం.

శ్రీకాకుళం: కూర తక్కువ, అన్నం ఎక్కువ

మధ్యాహ్నానికి నాగావళి ఒడ్డున శ్రీకాకుళం చేరాను. భోజన హోటల్లో గుట్టలా అన్నం, గరిటెడు పప్పు, చెంచాడు కూర, పక్కన ఎర్రగా ఆవకాయ, వేయించిన అప్పడం. ఇది ఒక్క హోటలు తీరు కాదు. మన ఇళ్ళలో కూడా కూర అన్నది అన్నం దిగడానికి సాయం మాత్రమే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల ఆహారానికి కొత్త సూచనలు ఇచ్చింది. వాటి ప్రకారం మామూలు శ్రమ చేసే పెద్దవాళ్ళు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినాలి. 100 గ్రాముల పళ్ళు, 85 గ్రాముల పప్పుదినుసులు ఉండాలి. బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాముల చుట్టూ సరిపెట్టుకోవాలి. అంటే మన కంచంలో అన్నం ఉన్నచోట కూర, కూర ఉన్నచోట అన్నం రావాలి!

సాయంత్రం మిత్రుడి ఇంట భోజనం చేశాను. తోటకూర పులుసు, ఆవ పెట్టిన అరటికాయ కూర, ఉలవచారు, నువ్వుల పొడి. ఉలవల్లో నూటికి 20 పాళ్ళకు పైగా మాంసకృత్తులున్నాయి. తోటకూర, గోంగూర, మునగాకు, పప్పుదినుసులు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌కు గనులు. ఇది, బి 12 విటమిన్ తగ్గితే రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరుగుతుంది. అది రక్తనాళాలకూ, మెదడుకూ మంచిది కాదు. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపినవాడు మన ఎల్లాప్రగడ సుబ్బారావు. 1945లో అమెరికాలోని లెడర్లే సంస్థలో ఆ పని సాధించాడు. మన పెరటి తోటకూరలో ఉన్నదే ఆయన సీసాలోకి ఎక్కించాడు.

అమెరికాలో షికాగోలోని రష్ విశ్వవిద్యాలయం వారు ఆకుకూరలు, పప్పులు, గింజలు, చేపలు ఎక్కువగా, వెన్న, తీపి, వేపుళ్ళు తక్కువగా ఉండే తిండిని ఏళ్ళ తరబడి గమనించారు. అలా తిన్నవాళ్ళలో ఆల్జీమర్స్ బాగా తక్కువని 2015లో ప్రకటించారు. తర్వాత అదే తిండిని మూడేళ్ళు పెట్టి పరీక్షించారు. 2023లో వచ్చిన ఆ ఫలితాల్లో, మామూలు తిండినే కాస్త తగ్గించి తిన్నవాళ్ళకూ, వీళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దీన్నిబట్టి అరవై దాటాక మూడేళ్ళ పథ్యంతో అద్భుతాలు జరగవనే నేను అనుకుంటున్నాను. కంచం నలభైలోనే మారాలి.

తిండి లోపం వల్ల మతి చెడిన కథ

తిండికీ మతికీ సంబంధం కొత్త సంగతేమీ కాదు. మన దక్కను ప్రాంతంలో జొన్నన్నం, జొన్నరొట్టె తప్ప వేరే తిండి లేని పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు ఉండేది. ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, చివరికి మతి చలించడం దాని లక్షణాలు. అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు 1914 నుంచి తిరిగి తిరిగి, ఇది అంటువ్యాధి కాదు, తిండి లోపమేనని చూపాడు. 1937లో ఆ లోపించే విటమిన్ నయాసిన్ అని తేలింది. హైదరాబాదులో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా అనే శాస్త్రజ్ఞులు జొన్న తినేవారిలో ఈ జబ్బెందుకు వస్తుందో పరిశోధించి 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. వేరుశనగ, పప్పులు, చేపలు, పాలు కంచంలోకి వస్తే ఈ జబ్బు ఉండదు.

ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, తిండి మారితే చెడిన మతి బాగుపడ్డ సందర్భాలు నిజంగానే ఉన్నాయి. అటువంటిదే ఒకటి నాకు ఈ ప్రయాణంలోనే ఎదురైంది. అది తర్వాత చెబుతాను.

కళింగపట్నం: కవ్వళ్ళు, ఎండుచేప, అడ్డపొగ

మరునాడు ఉదయం కళింగపట్నం వెళ్ళాను. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఒకప్పటి రేవు, పాత దీపస్తంభం. పడవలు ఒడ్డుకు వచ్చే వేళ. వలల్లో కవ్వళ్ళు, నెత్తళ్ళు, కనగుర్తలు వెండిలా మెరుస్తున్నాయి. కనగుర్త పేరు గురించి ఒక ముచ్చట. పాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండు వైద్యుడు విశాఖపట్నం తీరంలో దొరికే 200 చేపల గురించి 1803లో పుస్తకం అచ్చువేశాడు. అందులో మన జాలర్లు చెప్పిన పేర్లే రాసుకున్నాడు. ఆ పుణ్యాన ప్రపంచంలో ఏ శాస్త్రజ్ఞుడైనా ఈ చేపను నేటికీ "కనగుర్త" అనే పిలవాలి!

పెద్ద బేరానికి పోయే వంజరం, చందువల కంటే ఈ చవక చేపలే మెదడుకు మంచి నేస్తాలు. మెదడు కణాల గోడల్లో ఉండే ఒమేగా 3 కొవ్వు వీటిలో దండిగా ఉంది. బి 12 కూడా ఉంది. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకుంటే చాలు. చేపలు తినే జనంలో డిమెన్షియా కొంత తక్కువని అనేక పరిశీలనలు చెబుతున్నాయి. అదే కొవ్వును గొట్టాల్లో నింపి మందుగా ఇచ్చి చూస్తే ఆ మేలు కనబడలేదు. వేపుడు చేస్తే నూనె లాభాన్ని తినేస్తుంది. పులుసే మేలు.

శాకాహారులు అవిసె గింజలు, అక్రోట్లు వాడుకోవచ్చు. వాటిలోని ఒమేగా 3 శరీరంలో కొద్దిగానే చేపలోని రకంగా మారుతుంది. అయినా మంచిదే.

ఇసుక మీద చేపలు ఎండబెడుతున్న ముసలమ్మ దగ్గర కూర్చున్నాను. నోట్లో చుట్ట ఉంది గాని నిప్పు కనబడలేదు. ఎందుకంటే నిప్పు వైపు నోట్లో ఉంది! దీన్నే అడ్డపొగ అంటారు. ఈ తీరంలో ఆడవాళ్ళకు తరతరాల అలవాటు. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి, అంగిటి మీద అడ్డపొగ చేసే హానిని గురించి 1971లోనే బ్రిటిష్ కాన్సర్ పత్రికలో రాశారు. కాన్సర్ సంగతి ఇక్కడ కొందరికి తెలుసు. పొగాకు మెదడు రక్తనాళాలను కూడా పాడుచేస్తుందని, డిమెన్షియా 14 కారణాల్లో అదీ ఒకటని ఎవరికీ తెలియదు.

"మానీ అమ్మా" అన్నాను.

"మానీమంటే ఎలాగ బావూ, సంద్రం గాలికి ఒల్లు వెచ్చగుంటాది" అంది. ఒక్క మాటతో వదిలే అలవాటు కాదు. అయినా ఎవరో ఒకరు చెబుతూ ఉండాలి.

ఎండుచేప సంగతి కూడా చెప్పాలి. మాంసకృత్తులు బాగా ఉన్నా, ఉప్పు పట్టించి ఎండబెట్టిన చేపలో ఉప్పు చాలా ఎక్కువ. మన ఊరగాయ, అప్పడం, ఉప్పు వేసిన తరవాణి కలిపి చూడండి. రోజంతా అన్నిటిలోనూ కలిపి తినవలసిన ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు. మనం దాదాపు దానికి రెట్టింపు తింటున్నాం. ఎండుచేప వండేముందు వేడినీళ్ళలో రెండుసార్లు కడగండి. ఆ కూరలో మళ్ళీ ఉప్పు వేయకండి.

పలాస నుంచి ఉద్దానం

పలాసలో బస్సు మారాను. వీధి వీధినా జీడిపప్పు బట్టీల వాసన. జీడిపప్పు తింటే కొవ్వు పెరుగుతుందని చాలామందికి భయం. వేయించకుండా, ఉప్పు చల్లకుండా, రోజుకు పది పలుకులు తింటే భయం లేదు. అంత ఖరీదు పెట్టలేని వాళ్ళు గుప్పెడు వేరుశనగ గుళ్ళు తిన్నా అదే ఫలం.

పలాస దాటితే కొబ్బరి, జీడి, పనస తోటల ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటల్ని నేలమట్టం చేసింది. మళ్ళీ నాటిన మొక్కలు ఇప్పుడు మనిషెత్తు దాటాయి. బస్సులో పక్కనున్నాయన, నేను డాక్టరునని తెలిసి, "కొబ్బరినూనె రోజూ రెండు చెంచాలు తాగితే మతిమరుపు పోతుందట, నిజమేనా?" అని అడిగాడు. నిజం కాదు. దానికి గట్టి రుజువు లేదు. పైగా కొబ్బరినూనెలోని కొవ్వు చెడు కొలెస్టరాల్‌ను పెంచుతుంది. కూరలో కొబ్బరి కోరు వేసుకోండి, పచ్చడి చేసుకోండి, తప్పులేదు. మందుగా తాగకండి.

ఉద్దానం పాఠకులకు ఒక ముఖ్యమైన మాట. ఈ ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎందరినో బలి తీసుకుంది. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఆకుకూరలు, పళ్ళు, పప్పులు, గింజలు ఎక్కువ తినమని నేను రాస్తున్నది మూత్రపిండాలు బాగా ఉన్నవాళ్ళకు. క్రియాటినిన్ పెరిగిన వాళ్ళకు పొటాషియం, మాంసకృత్తులు లెక్కతో ఇవ్వాలి. వాళ్ళు ఈ వ్యాసం చూసి తిండి మార్చకూడదు. తమ డాక్టరును అడిగే మార్చాలి.

అత్తయ్య ఇంట్లో

అరుగు మీద కూర్చుని ఉంది మా అత్తయ్య. డెబ్భై ఎనిమిదేళ్ళు. నన్ను ఎగాదిగా చూసి, "ఎవుల బావువి నాయనా?" అంది. చిన్నప్పుడు సెలవులకు వస్తే, నేను ఎన్ని అరిసెలు తిన్నానో మర్నాటి దాకా లెక్క చెప్పిన మనిషి. ఎంతమంది బంధువులున్నా పుట్టిన తిథి, నక్షత్రంతో సహా నోటికి చెప్పేది. నేను పేరు చెప్పాను. "ఆఁ" అని తలాడించి, అయిదు నిమిషాలకు మళ్ళీ అదే ప్రశ్న వేసింది.

గూట్లో మూడు సీసాలున్నాయి. జ్ఞాపకశక్తి టానిక్కు, ఏదో పొడి, రంగు రంగుల బిళ్ళలు. నెలకు రెండు వేల పైచిలుకు ఖర్చు. తమలపాకు పెట్టె పక్కన ఒక పాత మందుల చీటీ దొరికింది. పదేళ్ళ కిందటిది. రక్తపోటు 180 ఉందని, రోజూ ఒక మాత్ర వేసుకోవాలని ఉంది.

"ఏం నొప్పి లేదు గదా అని ఆర్నెల్లకే మానేసిందన్నయ్యా. మేమూ పట్టించుకోలేదు" అంది మా అత్తయ్య కోడలు.

నేను చూసినప్పుడు రక్తపోటు 170 ఉంది. తర్వాత తీయించిన స్కానులో మెదడులో చిన్న చిన్న రక్తనాళాలు చాలాచోట్ల పూడుకుపోయినట్టు కనబడింది. నొప్పి లేని జబ్బు పదేళ్ళు తన పని తాను చేసుకుపోయింది. రోజుకు కొద్ది రూపాయల మాత్ర మానేసి, ఇప్పుడు వేల రూపాయల సీసాలు కొంటున్నాం. చైనాలో 326 పల్లెల్లో దాదాపు 34 వేల మంది మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. పల్లె వైద్యులే వదలకుండా రక్తపోటు మాత్రలు ఇచ్చి, ఉప్పు తగ్గించమని చెబుతూ నాలుగేళ్ళు గడిపితే, డిమెన్షియా 15 శాతం తగ్గింది. అక్కడ పనిచేసింది ఖరీదైన మందు కాదు, పట్టుదల.

అత్తయ్య ఏం తినేదని అడిగాను. ఇంట్లో అందరూ తిన్నాక, గిన్నెలో మిగిలిన అన్నంలో మజ్జిగ, ఊరగాయ. కూర ఉంటే కూర, లేకపోతే లేదు. చేపల కూర అయితే మగవాళ్ళకు ముక్కలు, ఆవిడకు పులుసు. నలభై ఏళ్ళు అలాగే తిన్నది. ఆడవాళ్ళలో ఈ జబ్బు ఎక్కువ ఉండడానికి వాళ్ళు ఎక్కువకాలం బతకడం ఒక కారణం, చదువు అందకపోవడం ఇంకొకటి. ఆఖరున, మిగిలింది తినే ఈ అలవాటు కూడా ఏ పుస్తకంలోనూ సరిగ్గా లెక్కకు రాని కారణమని నాకు తోస్తుంది.

మేష్టారి కథ

అదే పెరట్లో మా చిన్న మావయ్య ఉంటాడు. రిటైరైన మేష్టారు. డెబ్భై ఒకటి. తెలుగూ, ఒరియా రెండూ ధారాళంగా మాట్లాడేవాడు. ఆయన కూడా ఏడాదిగా మాటలు తడుముకుంటున్నాడు. అడుగు తూలుతోంది. "వదినకు వచ్చిందే ఈయనకూ వచ్చింది" అని ఇంట్లోవాళ్ళు ఆశ వదులుకున్నారు.

నాకు రెండు సంగతులు పట్టి ఇచ్చాయి. ఒకటి, పాదాల్లో తిమ్మిర్లు, మంట ఉన్నాయన్నాడు. రెండు, మధుమేహానికి పన్నెండేళ్ళుగా మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటున్నాడు. మావయ్య పోయిన దగ్గర్నుంచి చేపలు మానేశాడు. కఫం చేస్తుందని పాలు, పెరుగు కూడా మానేశాడు. బి 12 పరీక్ష చేయిస్తే, ఉండవలసిన దాంట్లో సగం కూడా లేదు.

బి 12 చేపలు, గుడ్లు, మాంసం, పాలు, పెరుగులో ఉంటుంది. మొక్కల నుంచి వచ్చే తిండిలో దాదాపు ఉండదు. చద్దన్నంలో ఉంటుందని కొందరంటారు గాని దాన్ని నమ్ముకోకండి. మెట్‌ఫార్మిన్, కడుపులో మంటకు ఏళ్ళ తరబడి వాడే మాత్రలు దీన్ని ఒంటికి పట్టనివ్వవు. అలాగని మధుమేహం మాత్ర మానెయ్యకూడదు. ఏడాదికోసారి బి 12 చూపించుకుంటే సరి. రక్తహీనత అని ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు మాత్రమే మింగితే, రక్తం బాగుపడి బి 12 లోపం మరుగున పడుతుంది, నరాలు లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి. థైరాయిడ్ తగ్గినా, మనసు కుంగినా కూడా ఇలాగే మతిమరుపు వస్తుంది. అందుచేత ఎవరికైనా మతి తప్పుతోందనిపిస్తే, వయసు మీద నెట్టెయ్యకుండా మొదట ఈ పరీక్షలు చేయించాలి.

మావయ్యకు ఇంజెక్షన్లు మొదలుపెట్టించి, పూటకో గ్లాసు మజ్జిగ, రోజూ ఒక గుడ్డు తినడానికి ఒప్పించి వచ్చాను.

ఏం చేయాలి?

విటమిన్ బిళ్ళలు మింగితే చాలదా అని అడుగుతారు. లోపం ఉన్నవాళ్ళకు అవి మందు. లోపం లేనివాళ్ళు డిమెన్షియా రాకుండా బి, ఇ విటమిన్లు, ఒమేగా 3 గొట్టాలు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ తర్వాత అమెరికాలో వృద్ధులకు మల్టీవిటమిన్ ఇచ్చినప్పుడు జ్ఞాపకశక్తిలో కొద్దిపాటి మేలు కనబడింది. అది డిమెన్షియాను ఆపుతుందని మాత్రం తేలలేదు.

ఫిన్లాండు దేశంలో 60 నుంచి 77 ఏళ్ళ వాళ్ళు 1,260 మందిని తీసుకుని, సగం మందికి మంచి తిండి, వ్యాయామం, మెదడుకు పని, రక్తపోటు, చక్కెరల అదుపు, ఈ నాలుగూ కలిపి రెండేళ్ళు అలవాటు చేయించారు. వాళ్ళ తెలివితేటలు మిగతావాళ్ళ కంటే బాగా నిలిచాయని 2015లో ప్రకటించారు. ఒంటరిగా ఏ ఒక్కటీ కాక, నాలుగూ కలిసి చేసిన మేలు అది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన సంగతి కూడా చెప్పాలి. రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయింది. చదువురాని వాళ్ళలో కూడా! తెలుగు, ఒరియా కలిసి మాట్లాడే ఇచ్ఛాపురం, సోంపేట వాళ్ళకు ఇది తీపి కబురు.

కాబట్టి నలభై దాటిన ప్రతివారూ, ఆడయినా మగయినా, ఈ పనులు చేయండి. అన్నం ఒక వంతు తగ్గించి, కూర రెండు వంతులు పెంచండి. రోజూ ఏదో ఒక ఆకుకూర, పప్పో ఉలవలో తప్పనిసరి. చేపలు తినేవాళ్ళు వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోండి. తిననివాళ్ళు పాలు, పెరుగు మానకండి. ఒకసారి కాగిన నూనె మళ్ళీ మళ్ళీ వాడకండి. ఊరగాయ నంజుకోవడానికే గాని కలుపుకోవడానికి కాదు. చుట్ట, బీడీ, సారా మానండి. రోజూ అరగంట నడవండి. చెవి వినబడకపోయినా, కన్ను మసకబారినా ముసలితనమని ఊరుకోకండి. ఆ రెండూ కూడా 14 కారణాల్లో ఉన్నాయి. రక్తపోటు, చక్కెర ఏడాదికోసారి చూపించుకోండి. మాత్ర మొదలుపెడితే డాక్టరు చెప్పకుండా ఆపకండి.

మూడు నెలల తర్వాత మా చిన్న మావయ్యే స్వయంగా ఫోను చేశాడు. మాట ఎక్కడా తడబడలేదు. తాను తెప్పించే వారపత్రిక రెండు సంచికలు రాలేదని, పోస్టాఫీసు మీద ఫిర్యాదు రాశానని చెప్పాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

"అత్తయ్య ఎలా ఉంది?" అన్నాను.

ఫోను కోడలి చేతికి వెళ్ళింది. "అలాగే ఉందన్నయ్యా. కొత్తగా ఏమీ పాడవలేదు. బి.పి. మాత్ర నేనే దగ్గరుండి వేస్తున్నాను. ఇప్పుడు మాత్రం అన్నం ముందు ఆవిడకే వడ్డిస్తున్నాం, చేప ముక్కతో సహా."

పోయిన మతి తిరిగి రాదు. ఆ ముక్క నలభై ఏళ్ళ కిందట పడవలసింది. మీ ఇంట్లో అందరి తర్వాత, మిగిలింది తింటున్నది ఎవరో ఈ పూట ఒకసారి చూడండి.